వేసవిలో ఒక కథ రెండుసార్లు

(శ్రీకూర్మంలో కాళీపట్నం రామారావు గారి సంస్మరణ సభలో చేసిన ఉపన్యాస పాఠం)



1924లో మురపాకలో పుట్టి, 1948 నుంచి 31 సంవత్సరాలు విశాఖపట్నం సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో లెక్కలు చెప్పి, పురస్కారాలతో వచ్చిన డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచి, 2021 జూన్‌లో కన్నుమూసిన కారా మాస్టారిని తలుచుకోవడానికి మనం ఇక్కడ కూడాం. ఆయన కథల మీద ఉపన్యాసాలు చాలా వచ్చాయి, ఇంకా వస్తాయి. ఈ సాయంత్రం తీసుకున్న విషయం మటుకు ఆయన బడికీ ఆయన గ్రంథాలయానికీ మధ్యలో ఉండేది. హైస్కూలు పై తరగతుల్లో చదువుతూ సాహిత్యం మీద నిజమైన మక్కువ ఉన్న పిల్లలకి వేసవి సెలవుల్లో ఏం చదవమని చెప్పాలి, ఏం రాయమని చెప్పాలి అన్నదే ఆ విషయం. స్మారకోపన్యాసానికి ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. కానీ జీవితంలో సగం బడిలోనూ మిగతా సగం కథల మధ్యా గడిపిన మనిషి పేరు మీద మాట్లాడేటప్పుడు ఇంతకంటే తగిన విషయం నాకు తోచలేదు.

మన బడుల్లో లెక్కలు బాగా వచ్చే పిల్లకి దారులు తెరిచి ఉన్నాయి. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులు, ఒలింపియాడ్లు, ప్రతిభా పరీక్షలు. ఆ పిల్లకి క్లాసులో ఇచ్చే లెక్కలు చాలవని, ఇంకా కష్టమైనవి ఇవ్వాలని తల్లిదండ్రులకీ తెలుసు, మాస్టార్లకీ తెలుసు. అదే ఒక పిల్ల కథ చదివి మనసు పెట్టి ఆలోచించేదైతే, పద్యంలో ఒక మాట ఎందుకు అలా పడిందని అడిగేదైతే, ఆమెకి ఇవ్వడానికి మన దగ్గర ఏముంది? ఆగస్టు 15కి వక్తృత్వ పోటీ, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి వ్యాసరచన పోటీ, బహుమతిగా స్టీలు గిన్నె. పదో తరగతి తెలుగులో రామాయణం ఉపవాచకంగా ఉంది. ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివించాలన్నదే ఉపవాచకం ఉద్దేశం. పరీక్షలో దాని మీద ప్రశ్న వస్తుంది, జవాబు గైడులో దొరుకుతుంది, పుస్తకం విప్పకుండానే పని జరిగిపోతుంది. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక పుస్తక సమీక్ష అనే మాట కూడా బడుల్లోకి వచ్చింది. చాలాచోట్ల అది పుస్తకం పేరు, రచయిత పేరు, నాలుగు వాక్యాల సారాంశం, ‘ఈ పుస్తకం నాకు చాలా నచ్చింది’ అన్న ముగింపు దగ్గరే ఆగిపోయింది. ఇంటర్‌కి వెళ్లేసరికి మార్కుల కోసం తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకోవడం మామూలైపోయింది. అంటే సాహిత్యం మీద ఆసక్తి ఉన్న పిల్లలకి మిగిలే తీరికైన కాలం ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా ఉండే ఆరేడు వారాల వేసవే.

అమెరికాలో హైస్కూలు చివరి తరగతుల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని కాలేజీ స్థాయి పాఠాలు చెప్పే ఏర్పాటు 1950ల నుంచి ఉంది. అందులో ఇంగ్లిషు సాహిత్యం తీసుకున్న పిల్లలకి చాలా బడుల్లో సెలవులకు ముందే పుస్తకాల పట్టిక ఇచ్చి పంపుతారు. చదువుతూ నోట్సు రాసుకోవాలి, బడి తెరవగానే ఆ నోట్సూ ఒక వ్యాసమూ ఇవ్వాలి. అక్కడి మన తెలుగు పిల్లలు కూడా చేస్తున్న పనే ఇది. ఆ పద్ధతిని మనం ఉన్నదున్నట్టు ఎత్తి తెచ్చుకోనక్కర్లేదు, ఎందుకంటే అందులోనూ ఒక జబ్బుంది. పట్టిక పెద్దదైనకొద్దీ పిల్లలు పుస్తకం మానేసి సారాంశాలు వెతుక్కుంటారు. పుస్తకాల సంఖ్యే గొప్ప అయినచోట చదవడం లెక్క చెప్పడంగా మారిపోతుంది. నేను చెప్పదలచింది ఒక్కటే మాట: సాహిత్య విద్యార్థి వేసవి పనిని ఎన్ని పుస్తకాలు చదివారన్న దానితో కొలవకూడదు. ఒకే రచనను రెండోసారి చదివినప్పుడు తన అభిప్రాయం ఎక్కడ మారిందో, ఎందుకు మారిందో, రచనలోని చోటు చూపించి రాయగలిగారా అన్న దానితో కొలవాలి. తక్కువ చదవాలి, రెండుసార్లు చదవాలి, రెండుసార్లు రాయాలి. దీనికి కావలసిన సరుకంతా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనే దొరుకుతుంది.

మొదట గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’ తీసుకుందాం. పదిహేనేళ్ల పిల్లకి అరగంటలో అయిపోయే కథ. అర్ధరాత్రి దాటాక గోపాలరావు సానిపాట విని ఇంటికొస్తాడు. భార్య కమలిని కనబడదు. నౌకరు రాముడి మీద అరుస్తాడు, బల్ల మీద ఉత్తరం చూస్తాడు, బెంబేలు పడతాడు, పశ్చాత్తాపపడతాడు, ఆమెకు నచ్చజెప్పి తీసుకురమ్మని రాముడికి మాటలు నేర్పుతాడు. చివర్లో మంచం కింద నుంచి నవ్వూ గాజుల చప్పుడూ వినబడతాయి. మొదటిసారి చదివిన పిల్లకి ఇది తమాషా కథ. తప్పు చేసిన మొగుడికి పెళ్లాం బుద్ధి చెప్పిందని ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. గైడూ అంతే చెబుతుంది. ఇప్పుడు రెండోసారి చదవమనండి. మొదటి చదువులో గదిలో ఇద్దరే మనుషులు. రెండో చదువులో ముగ్గురు. గోపాలరావు నౌకరుతో అన్న ప్రతి మాటా, ఒంటరిగా ఉన్నాననుకుని బయటపెట్టిన ప్రతి భయమూ ఆమె విన్నది. అతని పశ్చాత్తాపం నిజమైనదేనా, లేక దొరికిపోయినవాడి కంగారా అని తేల్చవలసింది ఆమే, మంచం కింద పడుకుని. మరి రాముడి సంగతేమిటి? యజమాని నేర్పిన సంస్కారపు మాటలు అతని నోట్లో పడేసరికి తలకిందులవుతాయి. భార్య సమానురాలన్న నీతి, మొగుడు చెప్పినట్టు పడుండాలన్న లోకరీతిగా బయటికొస్తుంది. రాముడిది అమాయకత్వమా? ఆమె అక్కడే ఉందని అతనికి ముందే తెలుసా? కథ ఆ సంగతి చెప్పదు. తెలుసని వాదించే పిల్ల ఒక చోటు చూపించాలి, తెలియదని వాదించే పిల్లాడు ఇంకో చోటు చూపించాలి. అర్ధరాత్రి గోపాలరావు కంగారు ఏ మాటలో మొదలైంది, ఎక్కడ ముదిరింది, ఎక్కడ స్వార్థం పల్చబడింది అని పంక్తి పంక్తికీ వెతికే పిల్ల సాహిత్య విమర్శ అన్న పేరు వినకుండానే ఆ పని చేస్తున్నట్టు. ఇదంతా ఆరేడు పేజీల కథలో ఉంది. కావలసింది మరో పుస్తకం కాదు, మరో అరగంట.

రాత పని కూడా ఇక్కడే మొదలవుతుంది. నోటుబుక్కు పేజీని నిలువుగా రెండు గడులు చేయడం చాలా దేశాల్లో సాహిత్యం మాస్టార్లు వాడే పాత పద్ధతి. ఎడమ గడిలో కథలోంచి తనను ఆపిన మాటో వాక్యమో, పేజీ నంబరుతో. కుడి గడిలో అది తనని ఎందుకు ఆపింది. ఇక్కడ ఒక మెలిక పెట్టాలి. మే నెల మొదటి వారంలో కుడి గడి నల్ల సిరాతో రాసి మూసేయాలి. జూన్ మొదటి వారంలో కథ మళ్లీ చదివి, అదే పేజీలో నీలం సిరాతో, తన మొదటి మాటను ఒప్పుకుంటూనో కాదంటూనో రాయాలి. నల్ల సిరాను కొట్టివేయకూడదు. బడి తెరిచాక ఇచ్చే వ్యాసానికి ప్రశ్న ఒక్కటే: ‘నీ నల్ల సిరాకీ నీలం సిరాకీ తేడా ఎక్కడ వచ్చింది? కథలోని ఏ చోటు ఆ తేడా తెచ్చింది?’ తేడా రాకపోతే రాలేదని రాయవచ్చు, అదీ జవాబే, కానీ ఎందుకు రాలేదో చెప్పాలి. ఈ ప్రశ్నకి సారాంశం జవాబు కాదు. కంఠస్థం చేసిన పేరా కూడా జవాబు కాదు. పిల్ల తన ఆలోచన మీద తానే సాక్ష్యం చెప్పాలి, ఆ సాక్ష్యానికి కథలోంచి ఆధారం తేవాలి. అభిప్రాయం ఎవరికైనా ఉంటుంది. ఆధారం చూపించడం నేర్చుకోవలసిన పని, దానికి అభ్యాసం కావాలి. ఆధారమంటే ఏమిటో శ్రీకూర్మం పిల్లలకి వేరే చెప్పనక్కర్లేదు. ఈ కూర్మనాథుని గుడి స్తంభాల మీద ఎవరు, ఏ శకసంవత్సరంలో, ఏ దీపానికి, ఏమి సమర్పించారో చెక్కించిన శాసనాలున్నాయి. 1281 నాటి నరహరితీర్థుల శాసనం వాటిలో ఒకటి. ఏడు వందల ఏళ్ల నాటి మాటను మనం నమ్ముతున్నామంటే, ఎవరో పని గట్టుకుని రాయించారు కనుక, ఇంకొకరు పని గట్టుకుని చదివారు కనుక.

రెండోసారి రాయడం ఎంత గొప్ప పనో చూపించడానికి మన భాషలో ‘కన్యాశుల్కం’ని మించిన ఉదాహరణ లేదు. విజయనగరంలో 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో మళ్లీ వచ్చింది. ఆ పన్నెండేళ్లలో గురజాడ ఏదో నాలుగు తప్పులు దిద్దలేదు. 5 అంకాల నాటకం 7 అంకాలయింది. మధురవాణి కథ నడిపే మనిషి అయింది. మనకు తెలిసిన కన్యాశుల్కం ఈ రెండోదే. పై తరగతి పిల్లలకి రెండు కూర్పులూ పూర్తిగా ఇవ్వడం బరువు. ఒక్క మధురవాణి పాత్రను పట్టుకుని, మొదటి కూర్పులో ఆమెకి ఎంత చోటుంది, రెండోదాంట్లో ఎంత ఉంది, ఆ మార్పుతో నాటకం ఎవరిదయింది అని అడిగితే చాలు. మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లిషులో రాసిన పీఠికను కూడా మాస్టారు తెలుగులో వివరించి పక్కన పెట్టాలి. ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల పట్టిక తయారు చేయించారు. అందులో తేలినవి 1,034. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, ఏడాది నిండిన పసిపిల్లలు ముగ్గురు. ఇప్పుడు ఆ పిల్లని అడగండి: ఇంత భయంకరమైన పట్టిక చేతిలో ఉన్నవాడు ఏడిపించే నాటకం ఎందుకు రాయలేదు, నవ్వించే నాటకం ఎందుకు రాశాడు? లెక్క చేయలేని పని నాటకం ఏం చేసింది, నాటకం చేయలేని పని లెక్క ఏం చేసింది? పదో తరగతికి వెళ్లబోయే పిల్ల ఈ ప్రశ్న మీద రెండు పేజీలు తన మాటల్లో రాయగలిగితే, ఆమెకి సాహిత్యం ఎందుకన్న ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే.

ఇక కారా మాస్టారి ‘యజ్ఞం’. ఊళ్లో ఒక అప్పు తగవు. అప్పల్రాముడు షావుకారు గోపన్నకి బాకీ ఉన్నాడు. పెద్దమనిషి శ్రీరాములునాయుడి ముందు పంచాయితీ. ఊరికి బడి, రోడ్డు, ఆసుపత్రి తెచ్చిన మంచి మనిషిగా పేరున్న ఆయన న్యాయం చెప్పాలి. తీసుకున్న అప్పు తీర్చాలన్నది న్యాయమే కదా? కథ చివర అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన బిడ్డనే నరికేస్తాడు. ఈ ముగింపు మీద తెలుగులో దశాబ్దాల పాటు వాదం నడిచింది. ఇంత కఠినమైన కథ హైస్కూలు పిల్లలకి ఇవ్వవచ్చునా అని అడుగుతారు. మాస్టారు పక్కనుండి మాట్లాడే వీలున్నచోట, పెద్ద పిల్లలకే ఇవ్వాలి, అందులో సందేహం లేదు. అయితే ఇవ్వడానికి కారణం దాని ముగింపు కాదు. మొదటి చదువులో పిల్లలు ముగింపు దగ్గర ఆగిపోతారు, నేరం ఎవరిదని వాదులాడుకుంటారు. రెండో చదువులో ముగింపు ముందే తెలుసు కనుక, చూపు పంచాయితీ మీదికి మళ్లుతుంది. ఊరు బాగుపడిందని అందరూ అంటున్న కాలంలో ఈ కుటుంబం ఎలా చితికింది? బాగుపడడమూ చితకడమూ ఒకే కారణం నుంచి వచ్చాయా? ఇవి అర్థశాస్త్రం అడగవలసిన ప్రశ్నలు, లెక్కల మాస్టారు కథలో పెట్టారు. ఎవరి వాదన ఏ మెట్టు మీద నిలబడిందో, ఏ మెట్టు మీద జారిందో గీతలు గీసుకుంటూ చదివితే, ఆ కథలో తర్కం ఎంత బిగువుగా ఉందో బోధపడుతుంది.

ఇప్పుడు పిల్లలు ఏ తెలుగులో రాయాలి? మన ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. వాడుక భాష ఉద్యమమని మనం గొప్పగా చెప్పుకునేది అసలు మొదలైందే బడి పిల్లల చదువు దగ్గర. ఉత్తర జిల్లాల స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఎ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల తెలుగు ఇంకొకటి ఎందుకయిందని అడిగాడు. విశాఖపట్నంలో పి. టి. శ్రీనివాస అయ్యంగార్, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ దానికి జవాబు వెతికారు. గిడుగు 1913లో ఆధునికాంధ్రం మీద విజ్ఞాపన పత్రం రాశారు, గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చారు. ఆ పత్రంలోని తగవు కావ్యాల గురించి కాదు, విద్యార్థులు రాసే వ్యాసం ఏ భాషలో ఉండాలన్నది. అలాంటి చోట ఈనాటికీ పిల్ల తన నోటుబుక్కులో కంబారి అని, గెడ్డ అని, మదుము అని రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టడం సిగ్గుచేటు. యాసలో రాస్తే పరీక్షలో దెబ్బ తింటారు కదా అంటారు. నిజమే, అందుకే రెండు రాతల్నీ వేరుగా ఉంచాలి. రోజువారీ నోటుబుక్కు ఇంటి భాషలో, జూన్‌లో ఇచ్చే వ్యాసం అందరికీ తెలిసే వాడుక తెలుగులో. ఒక భాష నుంచి ఇంకొక భాషలోకి మారేటప్పుడు ఏం మిగిలింది, ఏం పోయిందని గమనించడమే రాతలో మంచి పాఠం. ‘దిద్దుబాటు’లో యజమాని మాటకీ రాముడి మాటకీ మధ్య గురజాడ చూపించిందీ అదే.

ఇంతవరకూ చెప్పినదానికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, అన్నిటికంటే బరువైనది, మన జిల్లాలకి వేసవి అంటే ఏమిటన్నది. పలాస వైపు జీడిపప్పు పని, గార తీరంలో వల పని, మామిడితోటల్లో కాపలా, పని కోసం చెన్నైకో హైదరాబాదుకో పోయిన తల్లిదండ్రుల వెంట పోయే పిల్లలు. వాళ్లకి వేసవి తీరిక కాదు, కూలి కాలం. అలాంటి పిల్లల చేతిలో పుస్తకం పెట్టి వ్యాసం రాయమనడం తీరికున్నవాళ్ల ముచ్చట కాదా? ఈ అభ్యంతరం పెద్ద పట్టికలకి తగులుతుంది. నాలుగు కథలకి తగలదు. పది పుస్తకాలు కొని చదవగలిగేది డబ్బూ తీరికా ఉన్న ఇంటి పిల్ల. ఆరు పేజీల జిరాక్సు రెండుసార్లు చదవడానికి ఇల్లు పెద్దది కానక్కర్లేదు. ఒకటే కథ అయినప్పుడు పట్నం పిల్లా పల్లె పిల్లా ఒకే చోట నిలబడతారు. పైగా పని చేసే పిల్లకి ఈ కథల్లో ఒక పైచేయి ఉంటుంది. కథకుడు చాసో రాసిన ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో డబ్బు లేక చదువు ఆగిపోతున్న కుర్రాడు తండ్రి చుట్టల కోసం వీధిన పడి బడి వైపు నడిచేటప్పుడు, ఆ సిగ్గు ఎలాంటిదో ఆ పిల్లకి ఎవరూ వివరించనక్కర్లేదు. ఆమె కుడి గడిలో రాయగలిగింది ట్యూషన్ పిల్ల రాయలేదు. బతుకు తెలియడమే సాహిత్యం తెలియడమని నేననడం లేదు. దాన్ని కథలోని చోటుకి ముడిపెట్టి రాయడం ఆమె కూడా నేర్చుకోవాలి. కానీ మొదలుపెట్టేచోట ఆమె వెనకబడి లేదు.

రెండో అభ్యంతరం పిల్లల పక్షాన వచ్చేది. సెలవుల్లో కూడా పనేనా, బలవంతంగా చదివిస్తే ఉన్న ఇష్టం కూడా పోదా? ఇది ఒప్పుకోవలసిన మాట. అందుకే ఈ పని క్లాసంతటికీ కాదు, మార్కులకీ కాదు. అడిగినవాళ్లకి ఇవ్వాలి. తెలుగులో ఫస్టు వచ్చిన పిల్లని ఎంచుకోవడం కూడా తప్పే, ఎందుకంటే ఫస్టు మార్కు చాలాసార్లు జ్ఞాపకశక్తికి వస్తుంది. ఏప్రిల్ ఆఖరి పనిదినాన క్లాసులో ఒక కథ పైకి చదివి, చివరి పేజీకి ముందు ఆపేసి, మిగతాది కావలసినవాళ్లు వచ్చి అడగండి అంటే చాలు. ఎవరు వస్తారో వాళ్లే ఈ పనికి తగినవాళ్లు. ఇద్దరే రావచ్చు. లెక్కల ఒలింపియాడ్‌కి కూడా బడికి ఇద్దరే వెళతారు, అది ఎవరికీ తప్పుగా తోచదు. ఇక ఇష్టం సంగతి. లెక్క చెప్పవలసిన పట్టిక ఇష్టాన్ని చంపుతుంది. తనకు తెలిసిన కథలో తనకు తెలియనిది దొరకడం ఇష్టాన్ని పెంచుతుంది. ఇష్టం ఉంటేనే రెండోసారి చదువుతారనుకుంటాం. చాలామందికి రెండోసారి చదివాకే ఇష్టం పుడుతుంది.

మూడోది ఈ కాలపు అభ్యంతరం. ఫోన్లో అడిగితే ఏ కథ మీదయినా వ్యాసం క్షణంలో రాసిచ్చే యంత్రాలు వచ్చాయి. ఇక ఇంటిపని ఇచ్చి ఏం లాభం? యంత్రం రాకముందు గైడు ఆ పని చేసేది, గైడు లేనప్పుడు అన్నయ్య నోట్సు చేసేది. దొంగరాతకి అసలు మూలం మనం అడిగే ప్రశ్నలోనే ఉంది. అందరికీ ఒకటే జవాబు ఉండే ప్రశ్న అడిగితే, ఆ జవాబు ఎక్కడినుంచో వస్తుంది. నల్ల సిరాకీ నీలం సిరాకీ తేడా అడిగే ప్రశ్నకి జవాబు ఆ నోటుబుక్కులో తప్ప ఇంకెక్కడా ఉండదు. అయినా మోసం చేయాలనుకున్నవాళ్లు చేస్తారు, వాళ్లకోసం జూన్‌లో అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడించాలి. ‘రాముడికి తెలుసని రాశావు కదా, ఆ చోటు తీసి చూపించు’ అంటే, చదివిన పిల్ల చెయ్యి నేరుగా ఆ పేజీకి వెళుతుంది. పరీక్ష అక్కడితో అయిపోతుంది.

నాలుగో అభ్యంతరం మాస్టార్లది. ఇప్పటికే యాప్‌లూ రిజిస్టర్లూ శిక్షణలతో వాళ్లకి ఊపిరాడడం లేదు, ఈ నోటుబుక్కులు ఎవరు చూస్తారు? పుస్తకాలు ఎక్కడివి? పని చిన్నదిగా ఉంటేనే జరుగుతుంది. పది నోటుబుక్కులు పేజీ పేజీ దిద్దనక్కర్లేదు. పిల్ల తానే ఎంచుకున్న ఒక పేజీ, చివరి వ్యాసం చూస్తే చాలు. తప్పులు దిద్దడం కంటే మార్జిన్‌లో ఒక్క ప్రశ్న రాయడం మేలు. రిటైరైన తెలుగు మాస్టార్లు ఊరూరా ఉన్నారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మన దగ్గర వసూలవుతోంది. జిల్లా గ్రంథాలయ సంస్థలు ప్రతి ఏడూ వేసవి విజ్ఞాన శిబిరాలు నడుపుతున్నాయి. అక్కడ బొమ్మలు వేయించి, ఇంగ్లిషు మాట్లాడించి, క్విజ్ పెట్టి పంపుతున్నారు. చిన్నపిల్లలకి అది బాగానే ఉంది. అదే గదిలో వారానికి ఒక గంట తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఒకే కథ మీద మాట్లాడుకునే వీలు కల్పించడానికి కొత్త జీవో అక్కర్లేదు. కథల కోసం కష్టపడనక్కర్లేదు కూడా. పత్రికల్లో పడి మరుగున పోయిన తెలుగు కథల్ని ఒక్కచోట చేర్చడానికే కథానిలయం పుట్టింది, వేలాది కథలు అంతర్జాలంలో కూడా చదువుకునేలా పెట్టింది. శ్రీకాకుళం జిల్లా బడికి కథ దొరకలేదనడం ఇకమీదట చెల్లదు.

ఇంకొకరు అడగవచ్చు: అన్నీ మన ప్రాంతపు రచనలే అయితే పిల్లల చూపు ఇక్కడే చిక్కుకుపోదా? ఒకటి రెండు బయటి కథలు తప్పకుండా కలపాలి. చాసో కుర్రాడి పక్కన చెహోవ్ 1886లో రాసిన ‘వాంకా’ పెట్టండి. పట్నంలో చెప్పులు కుట్టే చోట పనికి కుదిరి, తాతకి దొంగచాటుగా ఉత్తరం రాసే తొమ్మిదేళ్ల పిల్లవాడు. చిరునామా సరిగా రాయలేదు కనుక ఆ ఉత్తరం చేరదని మనకి తెలుసు, వాడికి తెలియదు. ‘దిద్దుబాటు’లో ఒక మనిషికి తెలియని సంగతి ఇంకొక మనిషికి తెలియడం నవ్వు పుట్టించింది. ఇక్కడ అదే ఏర్పాటు గుండె పిండుతుంది. ఈ పోలిక పట్టుకున్న పిల్ల రష్యా గురించి నేర్చుకున్నదానికంటే కథ ఎలా పని చేస్తుందన్నది ఎక్కువ నేర్చుకుంది. దగ్గరి కథను బాగా చదివినవాళ్లకే దూరపు కథలో ఏం చూడాలో తెలుస్తుంది. క్రమం తిరగబడితే చదివింది పేర్ల పట్టికగా మిగులుతుంది.

చివరిది, ఎవరూ పైకి అనకపోయినా అందరి మనసులోనూ ఉండేది: దీనివల్ల ఏమొస్తుంది? ర్యాంకు రాదు, సీటు రాదు. ఈ పిల్లలందరూ రచయితలవుతారని కూడా నేను ఆశపెట్టను. కానీ రేపు వీళ్లలో ఒకరు పంచాయతీ కార్యదర్శి అవుతారు, ఒకరు నర్సు, ఒకరు వకీలు, ఒకరు లెక్కల మాస్టారు. ఒక ఫిర్యాదు చదివి అందులో రాయని మూడో మనిషి ఎవరో గుర్తించడం, తాను మొదట అనుకున్నది తప్పని తేలితే దాన్ని చెరిపేయకుండా పక్కనే సరైనది రాయడం, ప్రతి మాటకీ చోటు చూపించడం ఈ పనులన్నిటికీ కావాలి. కారా మాస్టారు లెక్కలు చెప్పిన మూడు దశాబ్దాల్లో, లెక్కలోని మెట్టు దాటేసి జవాబు రాసిన పిల్లాడికి పూర్తి మార్కులు వేసి ఉండరు. సాహిత్యంలో మటుకు మనం మెట్లన్నీ దాటేసి ‘చాలా నచ్చింది’ అన్న జవాబుకే మార్కులు వేస్తున్నాం. ఈ వేసవికి చేయవలసింది చెప్పి ముగిస్తాను. ఈ సభలో ఉన్న ప్రతి తెలుగు మాస్టారూ, మాస్టారమ్మా తమ బడిలో అడిగి వచ్చిన ఇద్దరు పిల్లలకి నాలుగు కథల జిరాక్సు, రెండు రంగుల పెన్నులు, ఒక నోటుబుక్కు ఇవ్వండి. జూన్‌లో ఒక్కొక్కరితో అయిదు నిమిషాలు మాట్లాడండి. ఆ నోటుబుక్కుల్లో మంచివి పదింటిని గ్రంథాలయంలో అందరూ చదివేలా పెట్టండి. వచ్చే ఏటి పిల్లలు అవే కథలు చదివి, పాత పిల్లల నీలం సిరాతో తగవు పడితే, ఈ పని వేళ్లూనుకున్నట్టు లెక్క.